కింది ఢిల్లీ

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌లో సెల్విన్ టీ అంగడి ముందు వాదిరాజ ఆ పొద్దు కూడా మాటలతో ఢిల్లీని కట్టడం మొదలుపెట్టాడు.

గని ఆఫీసులో గుమాస్తాగా చేసినవాడు. గని మూతబడ్డాక ఒకసారి ఢిల్లీ టూరు పోయివచ్చాడు. అప్పటినుంచి ఆ ఊరు ఆయన సొంతం. మొదటి టీకి పాండవులు, రెండో టీకి తుగ్లక్, షాజహాన్. ఇంగ్లీషువాళ్ళను తెచ్చేసరికి వినేవాళ్ళే ఇంకో టీ ఇప్పించాలి.

ఢిల్లీ మీద ఆయనకు ఇంకో హక్కుంది. కొడుకు మాధవ అక్కడ సొరంగాల ఇంజనీరు. నిరుడు మట్టి కూలి కూరుకుపోతే, ఎవరో ప్రాణానికి తెగించి బయటికి లాగారు. బయటపడగానే మాధవకు స్పృహ తప్పింది; తేరుకునేసరికి ఆ మనిషి లేడు. దొరికితే ఇంటికి పిలిచి కాళ్ళు కడుగుతానని వాదిరాజ మొక్కుకున్నాడు. మిలిటరీ ఆఫీసరే అయ్యుంటాడని ఆయన తీర్మానం.

బెంచీ చివర, బస్సు కోసం కూర్చున్న ముసలాయన నోరు విప్పాడు.

"ఢిల్లీ నేనూ చూసినానప్పా."

వాదిరాజ ఆయన చిరుగుల చొక్కా వైపు చూశాడు. "కుతుబ్ మినార్ యాడుండాది?"

"పైన చూళ్ళేదు. కింద చూసినా. ఒక రాజు ఇటుక కింద ఇంగో రాజు ఇటుక."

అంగడంతా నవ్వింది. వాదిరాజ నవ్వలేదు. నవ్వడానికి కూడా ఆయనకు తగిన మనిషి కావాలి.

"పందికొక్కు కూడా ఢిల్లీని అట్లనే చూస్తాది. లేచి అవతల కూచో."

ముసలాయన లేచాడు. బస్సు వచ్చింది. గ్లాసు కడిగిపెట్టి, అంగడి ఇనుప కంబాన్ని వేళ్ళ కణుపులతో కొట్టాడు. రెండు గబగబా, ఆగి ఒకటి.

"అదేంది, గుడి గంటనా?" అన్నాడు వాదిరాజ.

"గని అలవాటప్పా."

కాలు నయమయ్యేదాకా ఇంటికి వచ్చి ఉన్న మాధవ సాయంత్రం కర్ర ఊతంతో అంగడికి వచ్చాడు. వాదిరాజ ముసలాయన కథ ఎత్తుకున్నాడు. ఆ నడక నడిచాడు, ఆ గొంతు పెట్టాడు, చివరికి కంబాన్ని కూడా అట్లాగే కొట్టి చూపించాడు.

మాధవ చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"మళ్ళీ కొట్టు నాయనా."

కొట్టాడు.

"ఆయన పేరేమి?"

ఎవరూ అడగలేదు. ఏ బస్సెక్కాడో సెల్విన్ కూడా చూడలేదు.

మాధవ ఆ కంబం మీద చెయ్యి పెట్టాడు.

"మట్టి కింద, ఆ చీకట్లో, నన్ను బయటికి లాగిందాకా పైపు మింద ఇట్లనే కొడతా ఉండె ఆయన."