తొట్టిలో కొవ్వొత్తి

పులుస్తున్న ద్రాక్షరసం తొట్టిలో ఆమె భర్త శవం బోర్లా తేలుతోంది. ఆమె, తమ్ముడు కలిసి బయటికి లాగారు. నుదురు చిట్లిపోయి ఉంది.

"మందుల కంపెనీలో రాజాలా బతికిన సైంటిస్టు బావ. ఈ వైన్ పిచ్చే ప్రాణం తీసిందక్కా. రసం పులిసి తొట్టి నిండా గ్యాస్. చూసుకోకుండా వంగి ఉంటాడు."

తొట్టిలోకి తాడుతో వేలాడుతున్న కొవ్వొత్తిని ఆమె పైకి లాగింది. వత్తి నల్లగా ఉంది. మైనం మాత్రం కొంచెమే కరిగింది.

"వంగే ముందు రోజూ దీన్ని వెలిగించి దింపేవారురా. ఆరిపోతే లోపల ఊపిరాడదని అర్థం. 'మా కంపెనీ మీటింగుల్లో అయితే అసలు వెలగనే వెలగదు' అని నవ్వేవారు. ఇది ఆరిపోయింది. అది చూశాక ఆయన వంగరు."

తమ్ముడు తలుపు వైపు పరుగెత్తాడు. ఆమె రసం కలిపే తెడ్డు తీసి వాడి మోకాలి మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడైంది.

"చెప్తావా, నిన్నూ అందులో తోసెయ్యనా?"

"ఆగక్కా! బావ కంపెనీ ల్యాబ్‌లో పనిచేసినప్పుడు నేను మార్చిన మందుల పరీక్షల ఫలితాల సంగతి రేపు కోర్టులో చెప్తానన్నాడు. కాళ్లు పట్టుకున్నా వినలేదు. ఇంతలో కొవ్వొత్తి ఆరింది. 'దగ్గరికి రాకురా, చస్తావ్' అని చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చెయ్యే పట్టుకుని లోపలికి తోసేశాను."