ఆధారపడినవాళ్లు

"మమ్మీకి సున్నా చూపిస్తోంది డాడీ!"

లారీ గుద్ది జెఫ్రీ మాస్టారి భార్య క్యారల్ పోయి మూడు నెలలు. బీమావాళ్లు చెప్పిన సొమ్ముకు ఒప్పుకుని రేపే సంతకం పెట్టమన్నారు. అది తక్కువో కాదో తేల్చుకోవాలని తండ్రీకూతుళ్లు ఫోన్లో పరిహారం క్యాలిక్యులేటర్ తెరిచారు.

"ఇంట్లో ఉండేది కదమ్మా, జీతమేదీ?" అన్నారు జెఫ్రీ మాస్టారు.

"ఏందీ డాడీ! రోజూ స్కూటీ మీద నిన్ను బడికాడ దింపింది ఎవరు? డ్రైవర్ జీతం వేస్తున్న. వంటకు వేరే."

"చర్చిలో నాకు కునుకు పడితే గిల్లేది. దానికెంత?"

"అది ఓవర్‌టైమ్!"

షెకీనా పకపకా నవ్వింది. ఆ నవ్వు ఆయనకూ అంటుకుంది. బట్టలుతకడం, కళ్లజోడు వెతికిపెట్టడం, అన్నీ కలిపేసరికి క్యారల్ జీతం మాస్టారి జీతాన్ని దాటేసింది. ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

"మమ్మీ మీద ఆధారపడినవాళ్లు ఎందరని అడుగుతోంది. నేనొక్కదాన్నే కదా?"

మాస్టారు ఫోన్ వైపు వంగారు.

"ఇద్దరని వెయ్ తల్లీ."

షెకీనా వేసింది. "సంపాదించే భర్త లెక్కలోకి రాడంట డాడీ."

ఆయన నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు.

"ఆ క్యాలిక్యులేటర్‌కు తెల్వదులే. బీమావాళ్లు ఇస్తామన్నది తక్కువే, రేపు సంతకం పెట్టను, వకీలు దగ్గరికి పోదాం. ఇన్నేళ్లు ఆమె మీదనే బతికిన. ఆ మాట జడ్జి ముందర నేనే చెప్తా."