ఫ్యాను హౌసు వెనక

గనికి గాలి ఆడించే పెద్ద ఫ్యాను మళ్లీ హోరెత్తింది.

"ఇగ నీ కొలువు పోయినట్టే హసనూ" అన్నాడు ఫ్యాను ఆపరేటరు రాజం.

హసన్ కాంట్రాక్టు మెకానిక్. ఫ్యాను గొట్టం లోపల చప్పుడును మింగే మెత్తటి పలకలు బిగించింది అతనే. గోడ బయటున్న హ్యాండిల్ ముందుకు తిప్పితే పలకలు దగ్గరికి జరిగి హోరు అణుగుతుంది. వెనక్కి తిప్పితే మళ్లీ మొదటికే. ఈ వారం రోజూ సెకండ్ షిఫ్టువాళ్లు గనిలోకి దిగగానే ఎవరో దాన్ని వెనక్కి తిప్పేస్తున్నారు.

ఆ పలకలు ఊరికే రాలేదు. నైట్ షిఫ్టు చేసొచ్చిన గట్టయ్య ఈ హోరుకు పగలు కన్ను మూయలేకపోతున్నాడని అతని భార్య సమ్మవ్వ ఆఫీసరు జీపుకు అడ్డం పడుకుంది. కాలనీ అంతా ఆమె వెనకే కూర్చుంది. అప్పుడు గానీ పైవాళ్లు కదల్లేదు.

ఇప్పుడు ఇంజనీరుది ఒకటే మాట. రేపు కూడా చప్పుడొస్తే హసన్ ఇంటికి. సార్లకు అనుమానం వస్తే ముందు తెగేది కాంట్రాక్టువాడి మెడే.

"నేనే పెట్టి నేనే ఎందుకు చెడగొడత రాజమన్నా?"

"రిపేరని చెప్పి ఇంకో నెల ఉండొచ్చని."

"మరి నువ్వో? నా జాగల నీ బామ్మర్దిని పెట్టియ్యాలెనని తిరుగుతలేవా? అందరికి ఎరుకే."

మర్నాడు సెకండ్ షిఫ్టు సైరన్ మోగకముందే రాజం ఫ్యాను హౌసు వెనక నక్కాడు. అవతలి మూల నుంచి ఎవరో వంగి వంగి వస్తున్నారు. దూకి కాలరు పట్టాడు.

"దొరికినవ్ రా!"

"నేను గాదు, నువ్వు దొరికినవ్!" హసన్ అతని జుట్టు పట్టాడు.

ఇద్దరూ బొగ్గు మసిలో దొర్లుకుంటూ గట్టు కిందికి జారారు. అప్పుడే పైన ఫ్యాను హోరున లేచింది.

తలెత్తి చూశారు. హ్యాండిల్ దగ్గర, కొంగు నడుముకు చెక్కి, సమ్మవ్వ.

"ఏందవ్వా! సప్పుడు వద్దని జీపుకు అడ్డం పన్నది నువ్వే గదా!" అని అరిచాడు హసన్.

"అప్పుడు మా ఆయన ఇంట్ల పన్నడు బిడ్డా, ఈ వారం సెకండ్ షిఫ్టుల గని కింద ఉన్నడు, ఈ ఫ్యాను నా చెవుల పడకపోతే ఆయనకు గాలి ఆడుతున్నదని నేనెట్ల నమ్మాలె?"