ఒక్క తట్ట

“గడప దాటొద్దు! ఆడే నిలబడు!”

సుజాతమ్మ చీపురు అడ్డం పెట్టింది.

పట్టుపురుగుల షెడ్డులోకి బయటివాళ్ళు రాకూడదు. సాదలి ఊర్లో చిన్నపిల్లలకూ తెలిసిన సంగతి.

పురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి కుబుసం విడిచి, ఆకలి మీద ఉన్నాయి. వారం ఆగితే పట్టుగూళ్ళు. ఆ గూళ్ళ మీదే ఈ ఏడు సంసారం నడవాలి.

ముసలాయన బయటే ఆగాడు. నెత్తిన మల్బరీ ఆకు మోపు.

“నానో కాపర్ మందు కొట్టిన ఆకు వేస్తాండారా అమ్మా?”

“వేస్తే నీకేమి?”

“వేయొద్దమ్మా. ఆ మందులో కాపర్ నలుసు కంటికి కనపడదు, కడిగినా పోదు. చెట్టు ఏపుగా వస్తాది, పురుగు చస్తాది.”

ఆమె భర్త రామచంద్రప్ప ఆకు గంపతో వచ్చాడు. నల్లగా నిగనిగలాడే ఆకు. మందు సీసా మీద ట్యాంకు నీళ్ళకు సగం మూత అని రాసుంటే, అది నాలిక్కూ చాలదని మూడు మూతలు కలిపి కొట్టాడు. పురుగులు మేసే ఆకుకు కొట్టొచ్చా అని అంగట్లో అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

“ఎదురంగడోడు పంపినాడా నిన్ను? చింతామణిలో ఈ మందు అమ్మే రూపేష్ అంగడికి గిరాకీ పెరిగిందని కడుపుమంటనా?”

“ఎవరూ పంపల్యా అప్పా. ఆ ఆకు ఒక్క తట్ట పురుగులకే వేసి చూడు, రేపు పొద్దుగూకేదాకా. మిగతా తట్టలకు ఇదో, మందు తగలని ఆకు తెచ్చినా.”

“నీ ఆకులో ఏం రోగం ఉండాదో! దిష్టి పెట్టేకి వచ్చినావా? పో, పో!”

మోపు లాగి వీధిలోకి విసిరేశాడు.

ముసలాయన దానివైపు చూడనైనా లేదు.

“కాళ్ళు పట్టుకుంటానప్పా. ఒక్క తట్ట.”

సుజాతమ్మ తలుపేసేసింది.

అన్ని తట్టలకూ మందు కొట్టిన ఆకే పడింది. పురుగులు మేస్తుంటే లోపల వాన పడుతున్నట్టు చప్పుడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆ చప్పుడు లేదు. పురుగులు తలలెత్తి, పచ్చగా కక్కి, వాలిపోయాయి. ఒక్క తట్టలో కాదు, అన్నిట్లోనూ.

రామచంద్రప్ప చచ్చిన పురుగుల్ని తీసుకుపోయి రూపేష్ అంగడి బల్ల మీద కుమ్మరించాడు.

“చూడు, నీ మందు!”

రూపేష్ ఒక పురుగును వేలితో తిప్పి చూశాడు.

“ఒక ముసలాయన ఆకు మోపు మోసుకొచ్చి వద్దు వద్దన్యాడు. నేనే తరిమేస్తి. ఇంటింటికీ తిరుగుతాండాడంట. ఎవరాయన? యాడుంటాడు? చెప్పు, పోయి కాళ్ళ మీద పడతా.”

రూపేష్ అరలోంచి ఆ మందు సీసా తీసి పురుగుల పక్కన పెట్టాడు.

“మా నాయనప్పా... ఈ మందు అంగట్లో దించిన దినం నుంచి నా ఇంట్లో మంచినీళ్ళు గూడా ముట్టల్యా.”