ఈడే ఉండు

"మా ఇంటాయన బెంచీ మీద నుంచి లేయనంటాండాడు సార్. మీరే వచ్చి చెప్పండి," అంది జులేఖా బీ, కిటికీ ఊచలు పట్టుకుని.

మాజీ సైనికుల ఆఫీసులో సూపరింటెండెంటు ఓబుళేశు ఫైల్లోంచి తలెత్తాడు. "ఎవురమ్మా మీ ఆయన?"

"సిపాయి ఇమామ్. మిలిటరీ కింద ఇచ్చిన భూమి కొల్సాలంటే మీ కాగితం కావాలని పొద్దున్నే వచ్చినాడు. సర్వేయరు మా చేను కాడ పన్నెండు దాకా చూసి ఎల్లిపాయ. మళ్లా మూడు నెలలకంట. నేను పత్తికొండలో బస్సెక్కి ఎతుక్కుంటా వచ్చినా."

సంతకం పెట్టిన కాగితం ఓబుళేశు మోచేతి కిందే ఉంది. ఉదయం ఫోను రావడంతో దాని సంగతే మరిచాడు. గడియారం నాలుగు చూపిస్తోంది.

కాగితం తీసుకుని బయటికి నడిచాడు. ఇమామ్ నిటారుగా కూర్చుని ఉన్నాడు.

"లోపలికొచ్చి అడగొచ్చు గదప్పా?"

"ఈడే ఉండు, పిల్చేదాకా కదలాకు అన్నారు గదా సాబ్. మీరు సుబేదారు చేసినోళ్లు."

"నీళ్లకన్నా పోలేదా?"

"కాపలా జాగా ఇడ్సాలంటే ఇంకొకరు రావాల గదా సాబ్."

ఓబుళేశు కాగితం అతని చేతిలో పెట్టి, పక్కన కూర్చున్నాడు. "నేనొచ్చినా. నువ్వు లేయ్."

ఇమామ్ లేచి, సెల్యూట్ కొట్టి, భార్య వెంట కుళాయి వైపు కదిలాడు.

ఓబుళేశు కిటికీ వైపు చూశాడు. ఫ్యాను కింద తన కుర్చీ, తాను తాగి పెట్టిన మూడు టీ గ్లాసులు తేటగా కనిపిస్తున్నాయి. ఆరేళ్లుగా ఆ కుర్చీలో కూర్చుంటున్నా, అక్కణ్నుంచి ఈ బెంచీ ఒక్కనాడూ కనిపించలేదతనికి.