గట్టుమీద వంతు

ఎదిగే పిల్లల మనసు కుంగితే తల్లి చేతిపట్టీ గుయ్యిమంటుంది. తల్లి వెంటనే అందులో పలకాలి; పిల్ల కుదుటపడితే పచ్చదీపం వెలుగుతుంది. ఎంత విసుక్కుంటూ పలికినా పట్టీ ఏ గొంతునైనా ఒకేలా మెత్తగా మార్చి వినిపిస్తుంది. ఊరూరా ఇదే పథకం.

మిరపకోతలో, చేతులు భగ్గుమంటుంటే ఎవరు పలుకుతారు? అందుకే ఆడవాళ్లంతా పట్టీలు విప్పి తట్టలో పడేసి, అందరి పిల్లలకూ పలకడానికి రోజుకొకరిని గట్టుమీద కూర్చోబెట్టేవారు.

ఇవాళ కోటేశ్వరి వంతు. తట్టలో ఒకటి గుయ్యిమంది. ఎవరిదో చూడకుండానే తీసి, అందరితో అనే మాటే అంది.

"నేనున్నా కదమ్మా. అన్నం తిన్నావా?"

"తిన్నా."

గొంతు తన కూతురు లహరిది.

"పిన్నీ, మా అమ్మ వంతు ఎప్పుడొస్తుంది?" అనడిగింది ఆ పిల్ల.

కోటేశ్వరి పట్టీని నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"రేపొస్తుందమ్మా," అంది.

పట్టీమీద పచ్చదీపం వెలిగింది.