కుదురు లేని కుండ

తమిళనాట సత్రపట్టి దారి మునిగి, టౌన్ బస్సు మూడు రోజులు ఆగిపోయిన వెల్లువ ఏడాది అది. ఆ ఏడాదే మొగుడి బుర్ర చెడిపోతోందని కాళియమ్మాళ్‌కు అనుమానం పట్టుకుంది.

ఆ పొద్దున చెల్లయ్య చేతిలోంచి చెంబు జారింది. మజ్జిగ వంటింటి నిండా పారింది.

"కుదురు లేని కుండా. కవ్వం మింగినోని మాదిరి నిలబడి చూస్తావేమయ్యా? నీ ఓటి చేతులు కాకులెత్తుకపోనూ."

చెల్లయ్య వంగి చెంబు ఎత్తాడు. ఎప్పుడూ ఏమీ అనడు. మూడో క్లాసుతో బడి మానేసి, నలభై ఏళ్ళు బ్యాండేజి గుడ్డ నేసే మగ్గాల దగ్గర బతికినవాడు. ఆ మోతలో మాట్లాడినా వినపడదని మాటలే మానుకున్నాడు. పోగు తెగితే రెప్ప వేసేలోగా ముడి వేసిన చేతులు అవి. ఆ చేతుల్లో ఇప్పుడు ఏదీ నిలవడం లేదు. నిన్న ఉప్పు డబ్బా. మొన్న చొక్కా తిరగేసి తొడుక్కుని సందు చివరిదాకా పోయాడు.

పక్కింటి చిన్నత్తాయి గోడ మీదుగా తల పెట్టింది.

"మా మామకూ ఇట్లే మొదలయింది అక్కా. మొదట చెంబు. తర్వాత తేదీ. కడాకు పెళ్ళాం పేరు."

"నీ నోట్లో మన్ను పడ," అంది కాళియమ్మాళ్. అనేసింది గానీ ఆ పూట ఆమెకు ముద్ద దిగలేదు. పెళ్ళయి నలభై రెండేళ్ళు. ఆయన తనను పేరు పెట్టి పిలిచింది ఎప్పుడో ఎంత తలుచుకున్నా జ్ఞాపకం రాలేదు. పిలవనే లేదా, లేక ఆయనకు పేరే పోయిందా?

మధ్యాహ్నమే ఆస్పత్రికి లాక్కుపోయింది. ఇది ఏ నెల అని డాక్టరు అడిగితే చెల్లయ్య గోడ మీది క్యాలెండరు చూపించాడు. డాక్టరు ఈసారి ఆమెను చూపించి, "ఈ అమ్మ ఎవరు? పేరు చెప్పండి," అన్నాడు. చెల్లయ్య ఆమె మొహం చూసి, నవ్వి ఊరుకున్నాడు.

"వయసు," అన్నాడు డాక్టరు. "ఒంటిగా బయటికి వదలొద్దు."

వదలకుంటే ఆగే మనిషా. రోజూ నాలుగు కొట్టగానే లేచి ఎక్కడికో పోతాడు. దీపాలు పెట్టే వేళకు వస్తాడు. ఎక్కడికని అడిగితే "ఇంత దూరం" అంటాడు. ఆ రోజు కాళియమ్మాళ్ కొంగు బిగించి పది అడుగులు వెనకగా నడిచింది. దారి తప్పుతాడనుకుంది. తప్పలేదు. మూతబడిన పాత మిల్లు పక్క సందులో తిరిగి, కొత్తగా సున్నం కొట్టిన గది ముందు చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

అది ఊరి గ్రంథాలయం. వెల్లువలో ఇంటింటా పాత కాగితాలు నానిపోయాక, మిగిలినవైనా ఒకచోట దాచాలని రాజుల ఇంటి పిల్ల నివేదిత తెరిచింది. అలమారల్లో ఎండబెట్టిన దస్తావేజులు, పెళ్ళి పత్రికలు, పాటల నోటుబుక్కులు. బల్ల మీద దొంతరగా అట్టముక్కలు.

"రా తాతా. ఏమి తెచ్చినావు ఈపొద్దు?"

"కుదురు."

"అంటే?"

"కుండ కింద పెట్టే గడ్డి చుట్ట."

"అయ్యో, మా ఇంట్లో పిరిమణె అనేస్తాము. ఇంకేమి?"

"కవ్వం. మజ్జిగ చిలికేది."

"దాన్నీ మత్తు అంటాము. చూడు తాతా, ఇంట్లో తెలుగే మాట్లాడుతాము, దాంట్లో సగం తమిళమే." నివేదిత రాసుకుంది. "దీంతో రెండు వందల అరవై. మున్నూరు తెలుగు మాటలు అయితే పుస్తకం అచ్చుకు ఇచ్చేది."

వాకిట్లో నిలబడిన కాళియమ్మాళ్‌ను అప్పుడు చూసి నివేదిత లోపలికి పిలిచింది. కాళియమ్మాళ్ ఒక అట్టముక్క తీసుకుంది. మాట తెలుగే గానీ, రాసింది ఊళ్ళో అందరూ చదివే తమిళ అక్షరాల్లో. ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ చదివింది. తన నోట్లోంచి తన తిట్టే బయటికి వచ్చింది.

"చొక్కా తిరగేసుకొని తేరుకు పోతావా, వెంగలి మనిషీ." ఆమె తలెత్తింది. "పాపా, ఇది నాది కదా."

"మీదే అవ్వా. చెప్పినోళ్ళ పేరు కింద ఉండాది చూడండి."

కాళియమ్మాళ్. ఇంకోటి తీసింది. కాళియమ్మాళ్. దొంతర మధ్యలోంచి లాగింది. కాళియమ్మాళ్.

"ఈ పేరు ఎవరు చెప్పినారు?"

"తాతే. ముందు మీ పేరు రాస్తేనే మాట చెప్తాడు."

ఆమె మొగుడి వైపు తిరిగింది. చెల్లయ్య కిటికీలోంచి ఎవరిదో మోటార్ సైకిలును శ్రద్ధగా చూస్తున్నాడు.

"బుర్ర బాగుండాది," అంది కాళియమ్మాళ్, గుండెల్లోని ఊపిరంతా వదిలి. "పావం, చేతులు జారే వయసు. ఇట్లాంటి మనిషినా నేను నోటికొచ్చినట్టు తిట్టింది? ఇంక ఒక్క మాట అననమ్మా. మారియమ్మ మీద ఆన."

నివేదిత కలం ఆగిపోయింది. "అవ్వా, ఇంకా నలభై మాటలు కావల్ల."

"దానికేమి, అడుగు, చెప్తాను." కాళియమ్మాళ్ కళ్ళు మూసుకుంది. పెదాలు కదిపింది. కళ్ళు తెరిచింది. "ఒకటీ రాలేదే. కోపం వస్తేనే వస్తాయి పాపా. ఇప్పుడు కోపమే లేదే."

ఆ సాయంత్రం ఇంట్లో, "ఏమండి, కాపీ పోసేదా?" అన్న మాట వినపడింది. గోడకు చెవి పెట్టిన చిన్నత్తాయి, చెడింది మొగుడి బుర్ర కాదని తేల్చుకుంది. చెల్లయ్య కాఫీ తాగినంతసేపూ నూలు అయిపోయిన మగ్గం ముందు కూర్చున్నవాడిలా ఉన్నాడు.

"చక్కెర చాలునా అండి?"

చెల్లయ్య తల ఊపాడు.

మరునాడు పొద్దున, రోజూ మాదిరే, ఆమె ఇటు తిరిగేదాకా ఆగి చెల్లయ్య పప్పుగిన్నె వదిలాడు.